ఎదుటివాడి చరణం

ఇన్నాసి స్వామివారిని ఎవరేమి అడిగినా తిన్నగా జవాబు చెప్పేవారు కారు. నస్యం డబ్బీ మూసి, “అప్పుడొకసారి ఏమైందంటే” అని మొదలుపెట్టేవారు. కృష్ణ ఒడ్డున ఆ చిన్న గురువిద్యాలయంలో చదువుకున్నవారి చెవుల్లో ఆ మాట ఇప్పటికీ ఉంటుంది.

ఆ సాయంత్రం అడిగినవాడు బాలశౌరి, చర్చి ఫాదర్ అయ్యేందుకు గురుపట్టానికి చదువుతున్న కుర్రవాడు. భుజాన సంచీతో అక్కగారి ఊరి బస్సుకు బయల్దేరాడు. మర్నాడు మేత్రాణులవారు, అంటే బిషప్పుగారు, సభ పెట్టారు. గొడవలవుతాయన్న భయంతో ఈ ఏడు మరియతల్లి తేరును దిగువ పేటలోకి పంపవద్దని ఆయన ఉద్దేశం. పేట తరఫున మాట్లాడమని శౌరిని పిలిచారు. అతను పుట్టింది ఆ పేటలోనే. తేరు తమ గుమ్మం ముందు ఆగగానే అమ్మ కొవ్వొత్తి పట్టుకుని, గాలికి కొంగు అడ్డం పెట్టడం ఇంకా అతని కళ్ళ ముందే ఉంది.

“స్వామీ, పెద్దాయన ముఖాన కాదనేకంటే తప్పుకుపోవడమే మర్యాద కదా?”

స్వామివారు డబ్బీ మూశారు.

“నూరేళ్ళ కిందట రోములో మహాసభ జరిగింది. విశ్వాస విషయంలో పోపుగారు సంఘమంతటికీ కాపరిగా తీర్మానించి చెప్పిన మాటలో పొరపాటు ఉండదని ప్రకటించాలా, వద్దా అన్నది చర్చ. మేత్రాణులు రెండు పక్షాలయ్యారు. వారిలో ఇద్దరు చిన్ననాటి నేస్తాలు ఉన్నారనుకో. మార్సెల్, బెనువా అని పేర్లు పెట్టుకుందాం. ఒకే గొడుగు కింద బడికి నడిచినవారు. సాయంకాలపు కీర్తనలు కలిసి చెప్పుకునేవారు, ఒక చరణం ఒకరు, తర్వాతి చరణం మరొకరు. రోములో పగలంతా వాదించుకున్నా, పొద్దువాలితే ఒకే బల్ల మీద కూర్చుని ఆ చరణాలు చెప్పుకోవలసిందే. మార్సెల్ ప్రకటించాలన్నవారు. బెనువా ఇప్పుడు వద్దన్నవారు.

“ఓటు రేపనగా బెనువా పెట్టె సర్దుకున్నారు. ఆయనొక్కరే కాదు, ముసలి పోపుగారి ఎదుట కాదనలేక చాలామంది అలాగే వెళ్ళిపోయారు.

“‘రోము ఎండకు జడిసి పారిపోతున్నావా?’ అని మార్సెల్ ఎకసెక్కమాడారు.

“‘మా నాన్నకి నేనెప్పుడైనా ఎదురు చెప్పానట్రా? ఈయనకెలా చెప్పను?’

“‘రేపు నా చరణం నేను చెబుతాను. మరి నీ చరణం ఎవరు చెబుతారు?’

“‘నా చరణం “వద్దు” అనేగా. ఎలాగూ గెలిచేవాడివి, నీకెందుకది?’

“‘అదే చెప్పు. అది విన్నాకే నేను అవునంటాను.’

“గుర్రబ్బండి వచ్చింది. బెనువా కళ్ళు తుడుచుకుని ఎక్కేశారు. మర్నాడు సభలో పేరుపేరునా పిలిచారు. బెనువా పేరు పిలిస్తే ఎవరూ పలకలేదు. ఇంకో పేరు పిలిచారు. మార్సెల్ తన వంతుకు అవునన్నారు. తీర్మానం నెగ్గింది. తర్వాత బెనువా కూడా దాన్ని మనసారా ఒప్పుకుని, తన జనానికి తానే చదివి వినిపించారు.”

“మరింకేం స్వామీ, అంతా మంచే జరిగిందిగా!” అన్నాడు శౌరి, సంచీ ఇంకో భుజానికి మార్చుకుంటూ.

“మంచే జరిగింది నాయనా. ఆ తీర్మానాన్ని నేనూ నమ్ముతాను. కాని ఆ సాయంత్రం మార్సెల్ ఒక్కరే కూర్చుని కీర్తనల పుస్తకం తెరిచారు. తన చరణం చెప్పి, అలవాటుకొద్దీ ఆగారు.”

రోడ్డు మీద బస్సు హారన్ కొట్టింది, ఆగింది, వెళ్ళిపోయింది. శౌరి సంచీ దించి అరుగు మీద పెట్టాడు.

“రేపు మేత్రాణులవారికి కోపం వస్తేనో, స్వామీ?”

“కోప్పడడానికైనా ఎదురుగా మనిషి ఉండాలి కదా, నాయనా” అన్నారు ఇన్నాసి స్వామివారు.