ఖాళీ వీపుతో నడిచిన నూకాలు

అనగనగా ఒక అడవిలో, చెట్లు కూడా ఒద్దికగా జరిగి నిలబడాల్సినంత రద్దీగా ఒక పట్నం ఉండేదర్రా పిల్లలూ. దాని పేరు జంటవాగుల. ఎలుకలకి సందులు, కుందేళ్లకి వీధులు, దున్నలకి రహదారులు. తెల్లారితే చాలు, అందరికీ ఎక్కడో ఒకచోట పనే.

ఆ పట్నంలో బస్సులు లేవు. వాటి బదులు ఏనుగులు ఉండేవి. ప్రతి వీధి మొగలోనూ ఒక ఎత్తైన బండరాయి ఉండేది. దాన్ని ఎక్కుడుబండ అనేవాళ్లు. ఏనుగు వచ్చి బండ పక్కన ఆగేది. చిన్న జంతువులు బండ ఎక్కి, అక్కణ్ణుంచి ఏనుగు వీపు మీదికి గెంతేవి. అంతే, ప్రయాణం మొదలు!

ఏనుగులన్నిటిలోకీ పేరున్నది నూకాలు. పెద్ద చెవులు, నిదానమైన నడక. దాని వీపు మీద జనాన్ని సర్దేది పైడి అనే గోరింక. పైడి గొంతు విప్పితే మూడు వీధులకి వినపడేది.

"రండి రండి! వాగు దాటి, ఇప్పల బజారు మీదుగా, కొండగుహ ఆసుపత్రి! కుందేలు బాబాయ్, చెవులు ముడుచుకో, ఇంకొకరు పడతారు! ముంగిస వదినా, వెనక్కి జరుగు! ఇంకా జరుగు! తోక ఒళ్లో పెట్టుకోమ్మా, తోకకి వేరే సీటు లేదిక్కడ!"

పైడి లెక్కల్లో దిట్ట. ఒక కుందేలు పట్టే చోట రెండు ఉడతలు. రెండు ముంగిసల మధ్య సందులో ఒక తొండ. ఒక్క చూపు చూసి ఎవరు ఎక్కడ పడతారో చెప్పేసేది. ముప్పై మంది పట్టే వీపు మీద నలభై మందిని కూర్చోబెట్టి, "ఇంకా బోలెడు చోటుంది" అనేది.

దాని లెక్క ఒక్కరి దగ్గరే కుదిరేది కాదు. ఆ ఒక్కరూ ముళ్లపంది సన్యాసమ్మ. ఆవిడ కొండగుహ ఆసుపత్రిలో నర్సు. మనిషి మంచిదే, కానీ ఒళ్లంతా ముళ్లు. పక్కన ఎవరు కూర్చుంటారు చెప్పండి? ఆవిడ ఒక్కతీ ఎక్కితే ఆరుగురి చోటు పోయేది. అందుకని ఆవిడ దూరాన కనపడగానే పైడి "రైట్! రైట్!" అని అరిచేసేది. సన్యాసమ్మ తర్వాతి ఏనుగు కోసం బండ పక్కనే నిలబడేది.

ఆ పట్నంలో ఒక ఆచారం కూడా ఉండేది. వీపు నిండితేనే ఏనుగు అడుగు వెయ్యాలి. ఖాళీ వీపుతో వీధిలోకి వస్తే ఏనుగుకి పెద్ద నామర్దా. "ఎవరూ ఎక్కలేదంటే ఇది ఎవరినో కింద పడేసే ఉంటుంది" అని నవ్వేవాళ్లు.

ఇలా ఉండగా, ఒక ఎండాకాలం పట్నానికి దగ్గుజబ్బు వచ్చింది. మొదట వాగు ఒడ్డున ఒక్క నక్క దగ్గింది. ఆ నక్క నుంచి ముగ్గురికి అంటింది. ముగ్గురి నుంచి తొమ్మిది మందికి. తొమ్మిది నుంచి ఇరవై ఏడు. మీరే హెచ్చవేసి చూడండి, ఇంకో నాలుగంటే నాలుగు అంగల్లో రెండు వేలు దాటిపోతుంది!

ఎలుగుబంటి వైద్యుడు ఎక్కుడుబండ మీద నిలబడి గట్టిగా చెప్పాడు.

"ఎవరిళ్లలో వాళ్లు ఉండండర్రా! ఈ జబ్బుకి కాళ్లు లేవు. మన కాళ్లతోనే తిరుగుతోంది. మనం ఆగితే అదీ ఆగుతుంది. రోగుల్ని చూసుకునేవాళ్లు తప్ప ఎవరూ గడప దాటొద్దు."

జంటవాగుల ఆ మాట విన్నది. మర్నాటికి వీధులన్నీ ఖాళీ. ఇప్పల బజారులో పూలు రాలినవి రాలినట్టే పడి ఉన్నాయి. కొన్నాళ్లకి దున్నలు నడిచే రహదారిలో గడ్డి మొలిచింది. ఒక ఎండుటాకు ఇటు నుంచి అటు దొర్లితే, ఆ చప్పుడు వీధి చివరిదాకా వినిపించింది. ఏనుగులన్నీ దొడ్డిలో నిలబడ్డాయి.

దొడ్డి తలుపు మీద వాలిన పైడికి మాత్రం నోరు ఊరుకోలేదు. "కొండగుహ! కొండగుహ ఎవరమ్మా?" అని ఖాళీ వీధిలోకి కేక వేసింది.

"నేను," అంది ఎవరో ముద్దముద్దగా.

చూస్తే సన్యాసమ్మ. కుంటుకుంటూ వస్తోంది. నోట్లో ఆకుల్లో చుట్టిన ఒక మూట. దాన్ని కింద పెట్టి నూకాలు వైపు చూసింది.

"అమ్మా నూకాలూ, ఇవి చేదుదుంపలు. ఈ జబ్బుకి మందు ఇదే. వాగుకి ఈ ఒడ్డునే దొరుకుతాయి. ఎక్కడున్నాయో వాసన పట్టి తవ్వడం నాకొక్కదానికే చేతనవును. తవ్వాక బారెడు పొద్దెక్కే లోపు దంచి పసరు పట్టాలి. ఆలస్యమైతే దుంప ఎండిపోతుంది, చుక్క పసరు రాదు. నిన్న నడుచుకుంటూ వెళ్లాను. చేరేసరికి మిట్టమధ్యాహ్నం."

"మరి రోగులు?" అంది నూకాలు.

"పెద్దవాళ్లు ఓర్చుకున్నారు. చుక్కి అని ఒక దుప్పిపిల్ల ఉంది. నిన్నంతా కళ్లు తెరవలేదు. దానికి మూడు పొద్దులు వరసగా మందు పడాలి, పడితేనే నిలుస్తుంది. వాళ్లమ్మని గుహలోకి రానివ్వకూడదు కదా. పుట్టల వీధిలో గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది."

నూకాలు వెంటనే దొడ్డిలోంచి బండ పక్కకి వచ్చి ఆగింది.

"ఏటక్కా ఇది!" పైడి గాబరాగా ఎగిరింది. "ఒక్కరి కోసం కదులుతావా? పరువు పోదూ? ఆగు, ఒక్క కేక వేస్తాను. ఇళ్లల్లో విసిగిపోయి ఉన్నారు, పది మందైనా వస్తారు."

"వస్తారు. అందుకే కేక వెయ్యకు," అంది నూకాలు.

సన్యాసమ్మ మూట పట్టుకుని ఎక్కింది. అంత పెద్ద వీపు మీద ఒక్క ముళ్లపంది. నూకాలు వీధిలో అడుగు పెట్టింది. పైడి సిగ్గుతో చచ్చిపోయింది. ఎవరైనా చూస్తారేమోనని నూకాలు చెవి వెనక దూరింది.

చూడనే చూసింది ఒక నక్క. తన బొరియలోంచి మూతి మాత్రం బయటపెట్టింది.

"ఏటి నూకాలూ! నలభై మంది తిరిగే వీపు మీద నాలుగు ముళ్లు మొలిచాయేటి?"

"మొలిచాయి బావా," అంది నూకాలు నడక ఆపకుండా. "గుచ్చుకోగలవు, లోపలే ఉండు."

చెవి వెనక నుంచి పైడి గొణిగింది. "చూశావా? ఊరంతా నవ్వుతోంది. ఈ వీధులు చూస్తే ఏడుపొస్తోందక్కా. ఒక్క పురుగు లేదు."

"పిచ్చిదానా, ఈ వీధి ఊరికే ఖాళీ అయిందనుకున్నావా? ప్రతి గుమ్మం వెనకా ఒకరు కాళ్లు కట్టుకుని కూర్చున్నారు. కుందేలు గెంతకుండా ఉండగలదా? ఉంటోంది. కోతి కొమ్మ మారకుండా ఉండగలదా? ఉంటోంది. అంతమంది అంత కష్టపడితేనే ఈ వీధి ఇంత ఖాళీ అయింది. ఇలాంటి వీధిలో నడవడం నామర్దా ఎలా అవుతుందే?"

పైడి చెవి వెనక నుంచి బయటికి మాత్రం రాలేదు.

ఆ పొద్దు మందు వేళకే అందింది.

రెండో పొద్దున మళ్లీ బయల్దేరారు. వాగు దగ్గర నూకాలు నీళ్లు తాగడానికి వంగింది. పక్కనే ఎక్కుడుబండ. దాని మీద అడవిపంది గంగులు, ఆయన భార్య, నలుగురు పిల్లలు, ఇద్దరు బావమరుదులు నిలబడి ఉన్నారు.

"ఓ పైడమ్మా!" అన్నాడు గంగులు, గుసగుసగా. "ఇప్పపూలు రాలి కుప్పలు పడ్డాయట. ఊరంతా ఇంట్లో ఉంది, అన్నీ మనవే! వీపంతా ఖాళీగా ఉంది కదా, అలా బజారులో దించెయ్యి. నువ్వు తల్చుకుంటే ఏనుగు మీద ఏనుగునే సర్దగలవు!"

ఆ పొగడ్త పైడి చెవిలో తేనెలా పడింది. పైగా ఎనిమిది మంది! వీపు కాస్త నిండుగా కనపడుతుంది. నక్క నోరు మూతపడుతుంది. పైడి ఇటూ అటూ చూసి, రెక్క ఊపింది.

"ఎక్కండి, తొందరగా!"

ఎనిమిది మందీ దబదబా ఎక్కేశారు. సన్యాసమ్మ ఉలిక్కిపడి నూకాలు తల దగ్గరకి జరిగింది. నూకాలు నీళ్లలోంచి తొండం ఎత్తింది.

"వీపు బరువెక్కిందేం? ఎవర్ని ఎక్కించావే?"

అప్పుడే, అందరికంటే వెనక కూర్చున్న పందిపిల్ల దగ్గింది.

పైడి బుర్రలో లెక్క గిర్రున తిరిగింది. ఈ ఒక్క దగ్గు నుంచి ముగ్గురికి. ఆ ముగ్గురిలో సన్యాసమ్మ ఉంటే? రేపు దుంప తవ్వేదెవరు? చుక్కికి మూడో పొద్దు మందు పట్టేదెవరు? ఇన్నాళ్లూ ఎంతమంది పడతారనే లెక్కేసిన పైడి, ఎంతమందికి అంటుతుందనే లెక్క ఏనాడూ వెయ్యలేదు.

"దిగండి!" అని అరిచింది. ఆ మాట పలకడం దానికి అదే మొదటిసారి. "గంగులు మావా, దిగండి! తప్పు నాదే, ఎక్కించకూడదు!"

"ఎక్కమన్నదీ నువ్వే, దిగమన్నదీ నువ్వే!" గంగులు నింపాదిగా వీపు మీద చతికిలబడ్డాడు. "ఎక్కిన ఏనుగు దిగే వంశం కాదు మాది. పోనీ నూకాలూ, పోనీ!"

నూకాలు కదల్లేదు. "వాళ్లు దిగేదాకా నేను అడుగు వెయ్యను," అంది.

పొద్దు ఎక్కుతోంది. మూటలో దుంపలు వాడుతున్నాయి. నూకాలు ఒళ్లు విదిలిస్తే సన్యాసమ్మ కూడా పడిపోతుంది. పైడి ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత గొంతు సవరించుకుని, రోజూ పిలిచే పిలుపే పిలిచింది.

"సన్యాసమ్మక్కా! కాస్త వెనక్కి జరుగమ్మా! ఇంకా జరుగు!"

సన్యాసమ్మకి వెంటనే అర్థమైంది. మొహం ముందుకే ఉంచింది. ముళ్లన్నీ జల్లుమని పైకి లేపింది. మెల్లగా, ఒక్కో అడుగూ వెనక్కి వెయ్యడం మొదలుపెట్టింది.

"ఏయ్! ఏయ్! చూసుకోమ్మా!" గంగులు లేచాడు.

"చోటు చాలట్లేదు మావా, సర్దుకోవాలి!" అంది పైడి. "జరుగక్కా, జరుగు!"

మొదట బావమరుదులు దూకారు. తర్వాత పిల్లలు, వాళ్ల వెనక తల్లి. ఆఖరికి గంగులు "అమ్మో!" అని వాగులో దభీమని పడ్డాడు.

సన్యాసమ్మ వెనక్కి తిరగకుండానే ఒక దుంప ఒడ్డు మీదికి విసిరింది.

"గంగులు బావా! ఇప్పుడే దంచి ఆ దగ్గే పిల్లకి పసరు పట్టు. రేపటికి నీ గుమ్మం దగ్గర ఇంకోటి వేస్తాను. ఇల్లు కదలకు!"

నీళ్లోడుతూ గంగులు దగ్గిన పిల్లని దగ్గరకి తీసుకున్నాడు. ఇప్పపూల మాట మళ్లీ ఎత్తలేదు.

నూకాలు పరుగు అందుకుంది. నలభై మందితో ఏనాడూ అలా పరిగెత్తలేదు. పైడి ఈసారి చెవి వెనక దాక్కోలేదు. తల మీద నిలబడి, మూడు వీధులకి వినపడేలా కేక పెట్టింది.

"ఆసుపత్రి ఏనుగు వస్తోందర్రా! ఎవరూ బయటికి రావొద్దు! ఇంట్లోనే ఉండండి!"

బారెడు పొద్దెక్కుతుండగా గుహ చేరారు. పైడి గుమ్మం పక్క కొమ్మ మీద వాలి లోపలికి తొంగి చూసింది. వరసగా రోగులు. సన్యాసమ్మ దుంప దంచి, ముందుగా చుక్కి నోట్లో పసరు పోసింది. తర్వాత ఒకరి దగ్గర్నుంచి ఇంకొకరి దగ్గరకి. ఒకరికి నీళ్లు, ఒకరికి తలకింద ఆకులు. ఆ ముళ్ల పక్కన చోటు కోసం అందరూ ఎదురుచూస్తున్నారు.

మూడో పొద్దున మందు పడ్డాక చుక్కి కళ్లు తెరిచింది. "అమ్మేదీ?" అని అడిగింది.

ఆ మాట పైడి పుట్టల వీధికి ఎగిరి వెళ్లి చెప్పింది. అక్కణ్ణుంచి గుమ్మం గుమ్మానికీ పాకింది. మర్నాడు ఏనుగుల దొడ్డి తలుపు తెరుచుకుంది. ఒక ఏనుగు మంచినీళ్ల కుండలతో కదిలింది. ఇంకొకటి ముసలివాళ్లకి గింజలు పట్టుకెళ్లింది. ఏ వీధిలో చూసినా జనం ఎక్కని ఖాళీ వీపు ఏనుగులే. గుమ్మాల సందుల్లోంచి పిల్లలు వాటికి తోకలు ఊపారు. వెళ్లే దారిలో ఎవరో ఒకరు గడ్డిమోపు పెట్టి లోపలికి వెళ్లిపోయేవాళ్లు. నక్క కూడా ఒక చెరుకుగడ పెట్టింది. ఎక్కడ సంపాదించిందో అడక్కండి.

జబ్బు కొందరిని తీసుకెళ్లింది. జంటవాగుల వాళ్ల కోసం ఏడ్చింది. కానీ ముగ్గురికి అంటాల్సింది ఇద్దరికి, ఇద్దరికి అంటాల్సింది ఒక్కరికి, ఆఖరికి ఎవరికీ అంటకుండా ఆగిపోయింది. వానలు పడే వేళకి ఎలుగుబంటి వైద్యుడు బండ ఎక్కి, "ఇక బయటికి రండి!" అన్నాడు.

ఒక్కసారిగా వీధులు నిండిపోయాయి! కొండగుహ దగ్గర ఎక్కుడుబండ చుట్టూ నూరు మందికి పైనే. నూకాలు వచ్చి ఆగింది. సరిగ్గా అప్పుడే సన్యాసమ్మ గుహలోంచి చుక్కిని నడిపించుకుంటూ వచ్చింది. పిల్ల కాళ్లు ఇంకా వణుకుతున్నాయి, కానీ నడుస్తోంది.

చుక్కిని ఎక్కించారు. తర్వాత ఎవరూ ఎక్కలేదు.

"రండి మరి, చోటుంది కదా!" అంది పైడి.

గంగులు ముందుకొచ్చాడు. "ఇవాళ ఆ పిల్లని ఒక్కదాన్నే తీసుకెళ్లండి. సన్యాసమ్మ వదిన దాని పక్కన కూర్చుంటుంది. మేం నడుస్తాం."

అలా బయల్దేరింది నూకాలు. వీపు మీద ఒక దుప్పిపిల్ల, ఒక ముళ్లపంది. వెనకాల కుందేళ్లు, ముంగిసలు, నక్కలు, అడవిపందులు, పట్నం పట్నమే నడిచింది.

పుట్టల వీధిలో తల్లి దుప్పి గుమ్మంలోంచి పరిగెత్తుకుంటూ వచ్చింది. పైకి చూసింది. వీపు మీద కూతురు. పక్కన పట్టుకోవడానికి ఎవరూ లేరు, ముళ్లు తప్ప. తల్లి గుండె కదా!

"ఏవమ్మా నూకాలూ, నీకు బుద్ధుందా!" అని కళ్లనీళ్లతో కసిరింది. "అంత ఎత్తున పిల్లని అలా ఒక్కదాన్నే కూర్చోబెడతారా? పడిపోదూ!"

నూకాలు మోకాళ్ల మీద వంగి, తొండంతో చుక్కిని ఎత్తి, తల్లి ముందు మెత్తగా దించింది.

నీతి: ఆపద కాలంలో పదిమంది మేలు కోరి ఇంట్లో ఆగేవాళ్లూ గొప్పవాళ్లే, ఒక్క ప్రాణం కోసం ఒంటరిగా నడిచేవాళ్లూ గొప్పవాళ్లే, నలుగురు నవ్వుతారని మంచి పని మానకూడదు.