పరగడుపు

కుళ్లాయప్ప సామిని ప్రశ్న అడగడమంటే పని కొనితెచ్చుకోవడమే. ధర్మవరం రోడ్డు మీద ఆయనకు సైకిళ్లు బాగుచేసే చిన్న షాపు ఉండేది. పగలంతా పంక్చర్లు వేసేవాడు, సోమవారం సాయంత్రాలు షట్టరు సగం దించి వచ్చినవాళ్లతో కూర్చునేవాడు. కాషాయం లేదు, పీఠం లేదు, ఒంటి మీద ఉన్నది గ్రీజు మరకల లుంగీ. ఎవరేమి అడిగినా జవాబు చెప్పకుండా ఏదో ఒక పని పురమాయించేవాడు. దేవుడెక్కడున్నాడని అడిగిన ఒక పెద్దమనిషి చేత గోడవారనున్న పాత టైర్లన్నీ ఎండలోకి మార్పించాడు. సాయంత్రానికి ఆయనకు దేవుడు కనపడ్డాడో లేదో తెలియదు గాని, నడుము మాత్రం పట్టేసింది.

ఆ సోమవారం వచ్చినవాడు ఓబులేసు, కరెంటు లైన్‌మన్. చాప మీద కూర్చోను కూడా లేదు.

“సామీ, కోపం పనికిరాదని ఎప్పుడూ చెప్తావు. న్యాయమైన కోపం గూడా తప్పేనా?”

అడిగినట్టు లేదు, నిలదీసినట్టుంది. అతని కోపానికి కారణం ఉంది, అది చిన్నదీ కాదు.

ఓబులేసు ఒక్కగానొక్క కూతురు భార్గవికి ఐదేళ్లు. పుట్టుకతోనే గుండెలో రంధ్రం. నాలుగు మెట్లెక్కితే ఆయాసంతో కూలబడేది. పెద్ద ఊరి ఆసుపత్రిలో ఆపరేషనుకు రోజు ఇచ్చేదాకా ఎనిమిది నెలలు ఎదురుచూశారు. ఆ ఎనిమిది నెలలు ఓబులేసు పడ్డ పాట్లు మరొకడైతే పడడు. పిల్లకు ఏదీ దాచకూడదని, దాని బొమ్మ ఛాతీ మీద పెన్నుతో గీత గీసి, “ఇక్కడ కుడతారు. నువ్వు నిద్రపోతుంటావు, నొప్పి తెలీదు. లేచేసరికి నేను పక్కనే ఉంటా” అని తానే కూర్చోబెట్టి చెప్పాడు. పిల్ల భయపడలేదు. బొమ్మకు కూడా మందు వేసి పడుకోబెట్టేది.

ఆపరేషను రోజు పిల్ల పరగడుపున ఉండాలని డాక్టర్లు ముందే చెప్పారు. అందరూ తలూపారు, అత్త సుంకమ్మ కూడా ఊపింది. కానీ మంచి పనికి బయలుదేరే బిడ్డను ఉత్త కడుపుతో పంపడమనేది ఆవిడ పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. పొలానికి పోయినా, పరీక్షకు పోయినా, పెళ్లికి పోయినా ఆ ఇంట్లో నోట్లో నాలుగు మెతుకులు పడాల్సిందే. తెల్లారగానే, అల్లుడు చూడకుండా, మనవరాలికి పెరుగన్నం పెట్టింది. మత్తు ఇచ్చే డాక్టరమ్మ వచ్చి పాప ఏమైనా తిన్నదా అని అడిగితే, దాచాలన్న ఆలోచన కూడా లేకుండా ఆవిడే ముందుకొచ్చి, “నాలుగు ముద్దలు పెట్టినా తల్లీ, పెరుగన్నమే, చలవ” అంది.

ఆపరేషను ఆగిపోయింది. గుండె సర్జను ఆ మధ్యాహ్నమే వేరే ఊరు వెళ్లాలి. మళ్లీ రోజు దొరికింది పదిహేను రోజుల తర్వాత.

అత్త మీద కోపం దుత్త మీద చూపడం లోకంలో ఉన్నదే. ఓబులేసుకు దుత్త అక్కర్లేకపోయింది. వార్డంతా చూస్తుండగా సుంకమ్మ సంచి తీసి వరండాలోకి విసిరేశాడు. “బిడ్డను చంపేదానికి వచ్చినావా? పో! మళ్ల నా కండ్లకు కనపడితే ఊరుకోను!” అన్నాడు. ఇంకా చాలా అన్నాడు, అవి రాయదగినవి కావు. ఆ ముసలావిడ సంచి ఎత్తుకొని బస్టాండుకు నడిచింది. మంచం మీద పిల్ల “అవ్వా” అని ఒకసారి పిలిచి, తండ్రి ముఖం చూసి ఊరుకుంది.

ఇదంతా సామికి చెప్తుంటేనే ఓబులేసు గొంతు మళ్లీ లేచింది. “మా పనిలో నియమం తప్పితే స్తంభం ఎక్కినోడు శవమై దిగుతాడు సామీ. తప్పినోళ్లను తిట్టకుండా ముద్దు పెట్టుకోవల్నా?”

సామి ఒక వంకర చక్రం అతని ముందు పెట్టి, ఊచలు బిగించి సరిచేయమన్నాడు. ఓబులేసు ఆ విసురులో రెండు ఊచలు తెంచాడు. సామి వాటిని తీసి డబ్బాలో వేసి, “మళ్ల ఎప్పుడంటివి ఆపరేషను?” అని అడిగాడు.

“వచ్చే బుధవారం.”

“నేనూ వస్తా.”

జవాబు చెప్పమంటే తోడొస్తానంటాడేమిటని ఓబులేసుకు ఒళ్లు మండింది. గురువు కాబట్టి పళ్లు బిగబట్టుకొని వెళ్లిపోయాడు.

ఈసారి అతను ఆసుపత్రికి వెళ్లింది యుద్ధానికి వెళ్లినట్టే. అట్ట ముక్క మీద “ఈ పాపకు ఏమీ పెట్టరాదు” అని పెద్దక్షరాలతో రాసి మంచానికి కట్టాడు. బిస్కెట్లు, పండ్లు, ఆఖరికి నీళ్ల సీసా కూడా తీసి వరండా కిటికీలో పెట్టాడు. ఊడ్చే ఆమె మొదలుకొని వార్డులో కనిపించిన ప్రతి మనిషినీ హెచ్చరించాడు. భార్య నాగవేణినైతే పేరు పెట్టి మరీ, “మీయమ్మ బుద్ధి నీకు గూడా ఉంటాది. ఈ తూరి ఏమన్నా అయిందో, నువ్వు గూడా ఆ యమ్మ ఎనకాలే పోతావు” అన్నాడు. ఆమె తలొంచుకుంది. ఓబులేసు ఆ తలొంపును ఒప్పుకోలు అనుకున్నాడు. కోపంలో ఉన్నవాడికి ఎదుటివాళ్ల మౌనమంతా ఒప్పుకోలులాగే కనిపిస్తుంది.

బుధవారం తెల్లవారుజామున, మంచం పక్కన నేల మీది నుంచి లేచి, స్నానానికి వరసలో నిలబడి, వణుకుతూ నాలుగు చెంబులు పోసుకొని వచ్చాడు. ఆరున్నరకు మొదటి బస్సు దిగి సామి వచ్చాడు. పిల్లను పలకరించి, స్టూలు లాక్కొని ఒక మూల కూర్చున్నాడు. ఎనిమిదింటికి లోపలికి తీసుకెళ్లాలి.

ఏడింటికి సిస్టరు కాగితాలు పట్టుకొని వచ్చింది. “పాప ఏమైనా తిన్నదా? నీళ్లు, పాలు?”

“ఏమీ లేదు” అన్నాడు ఓబులేసు.

“అమ్మా, మీరు చెప్పండి.”

నాగవేణి నోరు తెరిచేలోపే అతను అందుకున్నాడు. “చెప్తాండా కదా సిస్టర్! నేను కాపలా ఉండా. నేనుండంగా పెట్టే మొగోడు ఎవుడు ఈడ? ఎవురన్నా పెట్టింటే ఈడనే నరుకుతా!”

సిస్టరు కాగితాలు సర్దుకుంది. నాగవేణి చెంగు కొసను వేలికి చుట్టి విప్పుతూ ఉండిపోయింది. పక్క మంచం ఆవిడ కొడుకు దుప్పటి సర్దుతున్నట్టు అటు తిరిగింది. వార్డులో కిక్కురుమన్నవాళ్లు లేరు. ఓబులేసుకు మాత్రం ఆ నిశ్శబ్దం ఎంతో తృప్తిగా ఉంది.

“ఓబులేసూ, నాకొక టీ పట్టకరా పో” అన్నాడు సామి.

ఇప్పుడా! పిల్లను గంటలో కోయబోతుంటే ఈయనకు టీ కావాలా! ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగి, గ్లాసు లాక్కొని విసవిసా బయటికి నడిచాడు. వరండా చివరిదాకా పోయాక, చక్కెర వేయించాలో వద్దో అడగలేదని గుర్తొచ్చింది. ఈ మధ్యే ఆయనకు చక్కెర జబ్బు బయటపడింది. గొణుక్కుంటూ వెనక్కి వచ్చాడు. వార్డు గుమ్మానికి వేలాడే ఆకుపచ్చ తెర మీద చెయ్యి వేయబోతుంటే లోపల సామి గొంతు వినపడింది.

“అమ్మా, ఇప్పుడు ఇంకొక తూరి అడుగు.”

సిస్టరు ఈసారి పిల్ల దగ్గరగా వంగినట్టుంది. గొంతు తగ్గించింది. “ఏం తిన్నావు బంగారూ?”

పిల్ల ముందు సామిని అడిగింది. “నాన్న టీకి పోయినాడా?”

“పోయినాడు తల్లీ.”

“బ్రెడ్డు తిన్నా. పాలల్లో ముంచి ఇచ్చింది ఆ యత్త. నాన్న నీళ్లు పోసుకునేదానికి పోయినప్పుడు.” గొంతు ఇంకా చిన్నదైంది. “నాన్నకు చెప్పొద్దు తాతా. అమ్మను గూడా పంపిచ్చేస్తాడు.”

ఓబులేసు తెర పట్టుకొనే నిలబడిపోయాడు.

లోపల నాగవేణి ఏడుపు కట్టలు తెంచుకుంది. పక్క మంచం ఆవిడ ఓబులేసు హెచ్చరికలన్నీ అయ్యాక ముందు రోజు సాయంత్రం వచ్చిన మనిషి, చదువు రాదు, అట్ట మీద ఏముందో ఆమెకేం తెలుసు? తన కొడుక్కి బ్రెడ్డు తినిపిస్తుంటే పక్క పిల్ల ఆశగా చూసింది, రెండు ముక్కలు ఇచ్చింది. నాగవేణి మొహం కడుక్కొని వచ్చేసరికే పిల్ల మూతి తుడుచుకుంటోంది. “చెప్పల్లనే అనుకున్యా సిస్టర్. నోరు రాలేదు. మాయమ్మను పంపిచ్చినట్ల నన్ను గూడా పంపిచ్చేస్తే, బిడ్డ లోపలికి పోయేటప్పుడు పక్కన ఎవురుంటారు?” అంది.

అంటే వార్డులో అందరికీ తెలుసు, కాపలా ఉన్నవాడికి తప్ప. పిల్లకు తెలుసు, తల్లికి తెలుసు, పక్క మంచానికి తెలుసు. ఎనిమిదయ్యేది, అందరూ కలిసి ఆ పిల్లను నిండు కడుపుతో మత్తు బల్ల ఎక్కించేవాళ్లు, నోరు మూసుకొని.

తెర తోసుకొని ఓబులేసు లోపలికి వచ్చాడు. మనిషి మారిపోయి వచ్చాడని రాస్తే వినసొంపుగా ఉంటుంది గాని అది అబద్ధం. అగ్గి మీద గుగ్గిలం చల్లినట్టే వచ్చాడు. భార్య మీద కోపం, బ్రెడ్డు ఇచ్చిన మనిషి మీద కోపం, మాయమాట చెప్పి బయటికి పంపిన గురువు మీద అన్నిటికన్నా ఎక్కువ కోపం. చెయ్యి లేచింది కూడా. పిల్ల రెండు చేతులతో నోరు మూసుకొని కళ్లు గట్టిగా మూసింది. చూసిన వాళ్లంతా అతను భార్యను కొడతాడనే అనుకున్నారు. ఆ చెయ్యి ఎక్కడా పడలేదు. అతను గోడకు ఆనుకొని, అలాగే కిందికి జారి కూర్చున్నాడు.

మత్తు డాక్టరమ్మ వచ్చి, తిన్నది ఎన్నింటికో అడిగి లెక్క కట్టింది. మంచిదయింది, సర్జను సాయంత్రం దాకా ఉంటాడు, పాపను చివరికి తీసుకుంటాం, ఇక చుక్క కూడా పోయొద్దు అంది. పోతూ పోతూ ఓబులేసు వైపు తిరిగింది. “కడుపులో ఏదన్నా ఉంటే మత్తులో పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మేం పక్కనే ఉన్నా ఏమీ చేయలేకపోవచ్చు. మొన్న నిజం చెప్పిన ఆ అవ్వ ఏదీ, రాలేదా? ఆమె చెప్పబట్టి ఆ రోజు గండం తప్పింది.”

ఓబులేసు వరండాలోకి పోయి ఫోను తీశాడు. అవతల సుంకమ్మ ఎత్తింది. ఎవరు, ఎవరని ఆవిడ మూడుసార్లు అడిగింది. “బిడ్డ నీకోసం చూస్తాంది. రా” అని పెట్టేశాడు. తప్పయిందన్న మాట ఆ రోజు అతని నోట రాలేదు.

ఒంటి గంటకు పిలుపు వచ్చింది. ఓబులేసు కూతుర్ని భుజాన వేసుకొని ఆపరేషను గది తలుపు దాకా నడిచాడు. అక్కడి సిస్టరు మళ్లీ అదే అడిగింది, ఏమైనా తిన్నదా అని. అలవాటుగా అతని నోరు తెరుచుకుంది. మూసుకున్నాడు. పిల్లను నాగవేణి చేతికిచ్చి రెండడుగులు వెనక్కి జరిగాడు. పిల్ల తండ్రి వంక చూసింది, చాలాసేపు చూసింది. ఆ తర్వాత సిస్టరుతో, “పొద్దున బ్రెడ్డు తిన్నా, మళ్ల ఏమీ తినలే” అంది, అతనికి వినపడేటట్టే.

నాలుగున్నర గంటలు పట్టింది. ఈలోపు సుంకమ్మ బస్సు దిగి వచ్చి, అల్లుడికి దూరంగా, మెట్ల దగ్గర కూర్చుంది. సర్జను బయటికి వచ్చి, రంధ్రం మూసేశాం, గుండె బాగా కొట్టుకుంటోంది, పొద్దుటికి చూడొచ్చు అని చెప్పాడు. నాగవేణి తల్లి ఒళ్లో ముఖం దాచుకుంది. ఓబులేసు లేచి పోయి నాలుగు టీలు తెచ్చాడు. అత్తకు తనే అందించాడు, ముఖం మాత్రం చూడలేకపోయాడు.

సామికి గ్లాసు ఇస్తూ ఉండబట్టలేక అడిగాడు. పొద్దుటి మంట ఇంకా ఆరలేదు.

“ఒక మాట చెప్పు సామీ. నన్నెందుకు బయటికి పంపించినావు? నీకు అనుమానం వచ్చినప్పుడు నా ఎదురుగానే అడగొచ్చు కదా. గురువు గదా నువ్వు, నన్ను గమ్మునుండమంటే ఉండనా?”

సామి టీ ఒక గుక్క తాగి, చక్కెర లేదని మొహం చిట్లించి, గ్లాసు పక్కన పెట్టాడు.

“అడగొచ్చు నాయనా. నాకూ భయమేసింది” అన్నాడు.