మట్టి అంటని చొక్కా

పొద్దుటి నుంచి ఎండలో నిలబడి ఆటగాళ్లని ఏరిపెట్టినా, గురువుగారు ఒక్క మెచ్చుకోలు మాట అనలేదని పైడిరాజుకి బాధ.

విశాఖలో వాళ్లది అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు. పేరుకి ఫుట్‌బాలే గాని, కాళ్లతో తన్నేది తక్కువ, ఒంటితో గుద్దేది ఎక్కువ. వెనక నిలబడి ఒకడు బంతి విసురుతాడు. వాడి మీద పడాలని అవతలివాళ్లు ఎగబడతారు, పడనివ్వకుండా ఇవతలివాళ్లు అడ్డం నిలబడతారు. పైడిరాజు కూడా ఒకప్పుడు ఈ సెలక్షన్లకి వచ్చినవాడే. ఏ ఏడూ చోటు దొరకలేదు. చివరికి గురువుగారు దస్తగిరి మాస్టారే జాలిపడి, మెడలో విజిల్ వేసి ఆటగాళ్లని ఎంచే పని అప్పగించారు. ఇక ఆ రోజు నుంచి లోకంలో ఎవడు పనికొస్తాడో, ఎవడు పనికిరాడో తనకే తెలుసు.

"అందరినీ చూశావా?" అడిగారు మాస్టారు.

"పరుగు చూశాను, గెంతు చూశాను, ఆడించి కూడా చూశాను. బంతి ఎటు పోతే అటే నా కన్ను, గురువుగారూ."

"మరి ఆ ఎర్నాయుడు?"

ఎర్నాయుడు వెల్డింగు పనివాడు. వయసు ముప్పై దాటింది. "నన్ను తీసుకుంటే సూరత్ టికెట్టు చింపీసి ఇక్కడే పని చూసుకుంతాను బాబూ," అని పొద్దున్నే చెప్పాడు. పరుగులో అందరికన్నా వెనక వచ్చాడు. ఆటలో బంతిని ముట్టుకోనే లేదు.

"పంపించేశాను. బీరువాలా ఉన్నావు, బీరువాలు పరిగెట్టవు నాయనా అన్నాను. అందరూ ఒకటే నవ్వు!" తన జోకుకి మళ్లీ తనే నవ్వుకున్నాడు పైడిరాజు.

మాస్టారు నవ్వలేదు. బంతి తెచ్చి అతని చేతిలో పెట్టారు. పొద్దున ఆడినవాళ్లని పొద్దున నిలబడినట్టే నిలబెట్టారు. బంతి విసిరేవాడికి అడ్డంగా ఎర్నాయుడు నిలబడిన చోటు మాత్రం ఖాళీగా వదిలేశారు.

"విసురు."

పైడిరాజు చెయ్యెత్తాడు. అతనికి గుర్తున్నది అంతవరకే. తర్వాత కనబడింది ఆకాశం. నోట్లో ఎర్రమట్టి, కడుపు మీద ఎవరిదో మోకాలు, విజిల్ ఎక్కడో వీపు కింద.

"ఇంకోసారి," అన్నారు మాస్టారు.

ఇంకోసారీ ఆకాశమే.

మూలుగుతూ లేచేసరికి మాస్టారి చేతిలో ఒక తెల్లచొక్కా ఉంది. పొద్దున బంతి విసిరిన ఆటగాడిది. చెమటకి తడిసింది గాని, ఎక్కడా మట్టి మరక లేదు. దర్జీ కొలత చూసినట్టు దాన్ని పైడిరాజు గుండెలకి ఆనించి చూశారాయన.

పైడిరాజు గబగబా ఫోన్ తీశాడు. అవతల రైలు చప్పుడు.

"ఎర్నాయుడూ, నేను పైడిరాజుని. తప్పయిపోయింది. జట్టులో నీకు చోటుంది, దిగిపోయి వచ్చెయ్."

చక్రాల చప్పుడు మధ్య కోపం లేని గొంతు వినిపించింది.

"నువ్వు పొమ్మన్నాక సూరత్ మేస్త్రీకి మాటిచ్చీసినాను బాబూ. పర్లేదులే. బీరువా రైలెక్కీసింది కదా, ఇప్పుడు దింపడం కష్టం."

ఈసారి ఆ జోకుకి పైడిరాజుకి నవ్వు రాలేదు.

సాయంత్రం కొళాయి దగ్గర చొక్కా విప్పి, మట్టి వదిలేలా తడపబోతుంటే, వెనక నుంచి మాస్టారి గొంతు వినిపించింది.

"ఉతక్కు. వచ్చే సెలక్షన్లకి అదే వేసుకుని రా."

పైడిరాజు కొళాయి కట్టేశాడు.