రంగులోకి దిగిన అన్నదమ్ములు

జీలుగుపాలెంలో ఎవరినైనా ఆపి "ఈ ఊళ్ళో తెలివైన వాళ్ళెవరు?" అని అడిగితే కాసేపు ఆలోచిస్తారు. కోటిలింగం ఇంట్లో అడిగితే మాత్రం ఆలోచించరు. కోటిలింగం, తమ్ముడు భూషణం, కోటిలింగం పెళ్ళాం మాణిక్యం, ముగ్గురూ ఒక్కసారే చెయ్యెత్తేస్తారు.

ఎత్తరూ మరి! ఆ మధ్య మాణిక్యానికి జ్వరమొస్తే కాంపౌండరు మాత్రలిచ్చి, "అన్నానికి ముందు ఒకటి వెయ్యమ్మా" అన్నాడు. ఆవిడ కంచానికి ముందు ఒక మాత్ర వేసి, దాన్నే చూస్తూ సుబ్బరంగా అన్నం తినేసింది. జ్వరం దానంతటదే తగ్గిపోయింది. "చెప్పింది చెప్పినట్టు చేస్తే ఎలా తగ్గిందో చూశారా!" అని వీధంతా చెప్పుకొచ్చింది.

ఆ ఇంట్లో నాలుగో మనిషి అన్నదమ్ముల మేనత్త నరసాయమ్మ. ఆవిడకి మాత్రం తెలివి తక్కువని ముగ్గురి అభిప్రాయం. ఎందుకంటే ఏదైనా చెప్తుంది, తీరా చెప్పినట్టు చేస్తే తిడుతుంది.

అన్నదమ్ములిద్దరికీ ఒక సరదా ఉండేది. పొలం పని అవగానే అరుగు మీద కూర్చుని పొణికి కర్రతో చిన్న చిన్న బొమ్మలు చెక్కేవాళ్ళు. ఏనుగులు, పులులు, డోలు వాయించేవాళ్ళు, తిరగలి తిప్పేవాళ్ళు, కత్తులు పట్టుకున్న భటులు. అన్నీ బొటనవేలంత. చెయ్యి మంచిదే, బొమ్మలు ముచ్చటగానే వచ్చేవి. చెక్కడమంటే ప్రాణం, రంగు వెయ్యడమంటే బద్ధకం. బొమ్మ పూర్తవగానే "రంగు రేపు వేద్దాం" అనుకునేవాళ్ళు. తెల్లారేది.

"అన్నయ్యా, రంగు ఎప్పుడేద్దామన్నాం?"

"రేపన్నాం కదరా."

"అయితే ఇవాళ కాదన్నమాట!"

అంతే. ఇంకో బొమ్మ మొదలు.

అలా ఆ ఇంట్లో రంగు లేని బొమ్మలు పేరుకుపోయాయి. బియ్యం డబ్బాలో ఏనుగులు, ఊరగాయ జాడీలో డోలు వాళ్ళు, మంచం కింద పులులు, దిండు గలీబులో భటులు. ఇల్లు ఊడిస్తే చెత్త కంటే బొమ్మలే ఎక్కువ వచ్చేవి.

ఒకరోజు మధ్యాహ్నం నరసాయమ్మ ములక్కాడల పులుసు పోసుకుని అన్నం తింటోంది. ఒక ముక్క ఎంత నమిలినా నలగలేదు. "ఏం ములక్కాడే ఇది, నమిలేకొద్దీ గట్టిపడుతోంది!" అని ఇంకాస్త గట్టిగా కొరికింది. టక్కుమంది. నోట్లోంచి తీసి చూస్తే ఒక చేతిలో ఏనుగు, ఇంకో చేతిలో తన పన్ను.

"అయ్యో అత్తా, తొండం విరిగిందా?" అన్నాడు కోటిలింగం కంగారుగా.

ఇంకేముంది! నరసాయమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. "ఒరేయ్, రేపు నేను మా ఆడపడుచు ఇంటికి సీమంతానికి వెళ్తున్నాను. ఈసారి దసరాకి బొమ్మల కొలువు పెడతానని ఊరందరికీ చెప్పుకున్నాను. తిరిగొచ్చేసరికి వీటన్నిటికీ రంగులు పడాలి. పడలేదో, బుట్టకెత్తి నీళ్ళ పొయ్యిలో పెట్టేస్తాను, అంతే!"

ఆ మాటకి అన్నదమ్ములిద్దరికీ గుండె జారిపోయింది. భూషణం గబగబా కింద వెతికాడు, జారిన గుండె కనపడలేదు. కోటిలింగం ఆ పూట అన్నం ముట్టలేదు. బుల్లి డోలు వాణ్ణి ఒకణ్ణి గుప్పిట్లో పెట్టుకుని, "నిన్ను కాల్చనిస్తానురా?" అంటూ కూర్చున్నాడు.

మర్నాడు అత్త బస్సెక్కగానే ముగ్గురూ రంగుల కొట్టు గవరయ్య దగ్గరికి పరిగెత్తారు. ఆయన ఎర్రరంగు, నీలంరంగు పొడులు కట్టిచ్చి, పాపం, శ్రద్ధగా చెప్పాడు. "ముందు బొమ్మకి ఒక తెల్ల కోటు వెయ్యండి. అది ఆరాక రంగు కోటు వెయ్యండి. చివర్న కళ్ళు దిద్దండి, కళ్ళు దిద్దితే బొమ్మకి ప్రాణం వచ్చేస్తుంది. అయినా మీరు నడుం బిగించి రంగంలోకి దిగితే ఎంతసేపు?"

"ఇంత సులువా!" అనుకుంటూ ఇంటికొచ్చారు. మర్చిపోకుండా మాటలు పంచుకున్నారు. కోట్లు కోటిలింగం గుర్తుంచుకోవాలి, నడుం సంగతి భూషణం, కళ్ళు మాణిక్యం.

మొదట కోటిలింగం కాంపౌండరు సుదర్శనం దగ్గరికెళ్ళాడు. ఊళ్ళో తెల్ల కోటున్నది ఆయనకే.

"కాంపౌండరు గారూ, మీ కోటు ఒకసారి ఇస్తే మా ఏనుగుకి వేసి ఇచ్చేస్తాం."

"ఏనుగుకా! పడుతుందా?"

"కాస్త వదులవుతుందండీ, ఫర్వాలేదు."

కాంపౌండరు నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. ఆయన నోరు మూసేలోపు కోటిలింగం కోటు తీసుకుని వచ్చేశాడు.

కోటు వేశారు. ఏనుగు కనపడకుండా పోయింది. పైగా అది ఆరాలన్నారు, కోటేమో పొడిగా ఉంది. తడవంది ఎలా ఆరుతుంది? కోటుని నూతి దగ్గర తడిపి తెచ్చి, ఏనుగు మీద కప్పి, ముగ్గురూ చుట్టూ కూర్చుని విసనకర్రలతో విసిరారు. ఆ ఒక్క ఏనుగు కోటు ఆరేసరికి చేతులు పడిపోయాయి.

"అన్నయ్యా, ఈ లెక్కన అన్నీ అయ్యేసరికి మన మనవలొచ్చి విసరాలి" అన్నాడు భూషణం.

"అన్నిటినీ ఒక్క పోగు పోసి పైన కప్పేస్తే?" అంది మాణిక్యం.

"అందుకే నిన్ను చేసుకున్నాను" అన్నాడు కోటిలింగం.

బొమ్మలన్నీ నట్టింట్లో గుట్ట పోసి తెల్ల కోటు కప్పారు. ఆరింది. తర్వాత రంగు కోటు. ఊళ్ళో బ్యాండు మేళం అప్పారావుకి ఇత్తడి గుండీల ఎర్ర కోటుంది. అది బతిమాలి తెచ్చి, తడిపి, కప్పి, ఆరబెట్టారు. ఊపిరి బిగబట్టి కోట్లు ఎత్తి చూశారు. బొమ్మలు ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి.

"రంగు పడలేదేంట్రా?"

"ఎలా పడుతుంది? మనం నడుం బిగించలేదు కదా!" అన్నాడు భూషణం.

అంతే, నూతి చేద తాడు విప్పుకొచ్చారు. ఒకడి నడుముకి ఒకడు కట్టి, అరుగు స్తంభానికి కాలు తన్నిపెట్టి మరీ లాగారు. కోటిలింగం గొంతు పిల్లనగ్రోవిలా సన్నబడిపోయింది.

"బిగిసిందా అన్నయ్యా?"

"బిగిసింది. ఇప్పుడేం చెయ్యాలి?" అని సన్నగా కూశాడు.

"రంగులోకి దిగాలి."

కుడితి గోలెంలో ఎర్రరంగు కలిపారు, గంగాళంలో నీలంరంగు కలిపారు. కోటిలింగం ఎరుపులోకి దిగాడు, భూషణం నీలంలోకి దిగాడు. మోకాళ్ళ దాకా రంగులో, గుమ్మం వైపు తిరిగి గంభీరంగా నిలబడ్డారు.

"ఎంతసేపు నిలబడాలండీ?" అంది మాణిక్యం.

"గవరయ్య కూడా ఆ మాటే అడిగాడు గానీ ఎవరూ చెప్పలేదు" అన్నాడు కోటిలింగం.

తిమ్మిర్లెక్కే దాకా నిలబడి బయటికొచ్చారు. ఇల్లంతా ఎర్ర అడుగులు, నీలం అడుగులు. వాసన చూడ్డానికొచ్చిన మేకపిల్ల మూతి ఊదారంగైంది. గోడకి రంగు పడింది, మంచానికి రంగు పడింది. బొమ్మలకి మాత్రం చుక్క పడలేదు.

"మీ ఇద్దరి పనీ అయింది కదా, ఇంక నేను చూసుకుంటాను" అంటూ మాణిక్యం కొంగు దోపింది. కాటుక భరిణె తెచ్చుకుని, చీపురు పుల్లతో ఒక్కో బొమ్మకీ కళ్ళు దిద్దసాగింది. ఏనుగులకి సోగకళ్ళు పెట్టింది, డోలు వాళ్ళకి మిటకరించిన కళ్ళు, భటులకి కోపం కళ్ళు. పులుల దగ్గరికొచ్చింది. ఇంతింత గుడ్లు పెట్టి, చివరి పులి కన్ను పూర్తి చేసి, పుల్ల పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆపేసింది.

"ఏమండీ, కళ్ళు దిద్దితే ప్రాణం వచ్చేస్తుందన్నాడు కదా?"

"అన్నాడు."

"అయితే వీటికి వచ్చేసినట్టేనా?"

"వచ్చేసినట్టే."

"మరి ఇవి పులులు కదండీ!"

ముగ్గురూ పులుల వైపు చూశారు. పులులు ముగ్గురి వైపూ చూస్తున్నాయి. ఇంకేముంది! మేకపిల్లని చంకనేసుకుని మాణిక్యం, తాళం కప్ప పట్టుకుని భూషణం, నడుముకి తాడు వేలాడేసుకుని కోటిలింగం వీధిలోకి దూకారు. తలుపుకి తాళం వేసి, "పులులు! మా ఇంట్లో పులులు! ఏనుగులు కూడా ఉన్నాయి!" అని అరిచారు.

ఊరు ఊరంతా కర్రలు, గడ్డపారలు పట్టుకుని వచ్చేసింది. వచ్చినవాళ్ళకి కోటిలింగం కాళ్ళు కనపడ్డాయి.

"అయ్యో, మోకాళ్ళ దాకా నెత్తురే! పులి పీకేసింది!"

"భూషణాన్ని చూడండర్రా, నీలం తిరిగిపోయాడు! విషమెక్కేసింది!"

"పులికి విషమెక్కడిదిరా?"

"ఏమో, ఏ పామునో తిన్న పులేమో!"

కాంపౌండరుని పిలవండి అన్నారు. ఆయన అక్కడే ఉన్నాడు గానీ, "నా కోటు లోపల పులి దగ్గరుంది, కోటు లేకుండా సూది పొడవను" అని మొండికేశాడు. బ్యాండు అప్పారావు తన కోటు కోసం ఏడుపొక్కటే తక్కువ. కొందరు కిటికీలోంచి పొగ పెడదామన్నారు. కొందరు కప్పు పీకుదామని నిచ్చెన వేశారు. అప్పటికే నలుగురు ఎక్కి పెంకులు తీస్తున్నారు.

సరిగ్గా అప్పుడే నరసాయమ్మ బస్సు దిగి, సీమంతం పసుపు చీరతో, చేతిలో సారె బుట్టతో వీధి మలుపు తిరిగింది. చూస్తే తన ఇంటి కప్పు మీద జనం.

"ఏమైందిరా?"

"లోపల పులులున్నాయి అత్తా. వెళ్ళకు!" అని కోటిలింగం ఆవిడ కాళ్ళు పట్టేసుకున్నాడు. వాడి మోకాళ్ళు తగిలి పసుపు చీర అంచు ఎర్రబడింది. అత్త వాణ్ణి విదిలించి, భూషణం చేతిలో తాళంచెవి లాక్కుని, తలుపు తీసుకుని లోపలికెళ్ళిపోయింది. మాణిక్యం కళ్ళు మూసుకుని దేవుడికి దణ్ణం పెట్టింది.

కాసేపటికి ఆవిడ బయటికొచ్చింది. రెండు వేళ్ళ మధ్య తోక పట్టుకుని ఒక బొమ్మ వేలాడదీసింది.

"ఇదేనా మీ పులి?"

"ఇది పిల్లది అత్తా" అన్నాడు భూషణం వెనక్కి జరుగుతూ. "తల్లి లోపలుంది."

ఊరంతా పడీపడీ నవ్వింది. కప్పెక్కినవాళ్ళు నవ్వాపుకోలేక పెంకులు వదిలేశారు. నరసాయమ్మకి మాత్రం నవ్వు రాలేదు. చక్కా లోపలికెళ్ళి, బొమ్మలన్నీ బుట్టలోకెత్తి, పెరట్లో నీళ్ళ పొయ్యి దగ్గర కుమ్మరించింది. అగ్గిపుల్ల గీసింది. అన్నదమ్ములిద్దరూ తాడు కట్టిన నడుములతోనే కూలబడి, చిన్నపిల్లల్లా గొల్లుమన్నారు.

వెలుగుతున్న పుల్లతో ఆవిడ వంగి చూస్తే, అన్నిటికంటే పైన ఒక ఆడబొమ్మ ఉంది. నడుం మీద చెయ్యి, ఎత్తిన చూపుడువేలు, తెరిచిన నోరు, జారిపోతున్న ముడి.

"ఎవర్రా ఇది?"

"నువ్వే అత్తా" అన్నాడు కోటిలింగం ముక్కు చీదుకుంటూ. "నువ్వు తిడుతుంటే మాటలు అర్థం కాలేదు గానీ, చూడ్డానికి బాగున్నావు. అందుకని చెక్కాను."

అగ్గిపుల్ల వేలికి చురుక్కుమంటే ఆవిడ ఊదేసింది. బొమ్మని అటూ ఇటూ తిప్పి చూసింది. "ముక్కు ఇంత పొడుగా నాది?" అని గొణిగింది. దాన్ని కొంగులో దోపుకుంది. ఆ తర్వాత పొయ్యి మాటే ఎత్తలేదు.

"వెధవల్లారా, మీకు చెప్పడం నాదే తప్పు. జరగండి" అని తనే కుంచె పట్టింది. గవరయ్య సిగ్గుపడి అన్ని రంగులూ తెచ్చి పెట్టాడు. ఆ ముగ్గురి ముందు ఎవరూ ఒక్క సలహా కూడా నోరు జారకుండా అత్త కట్టుదిట్టం చేసింది. కప్పెక్కిన నలుగురూ పెంకులు సర్ది దిగొచ్చి తలో గుప్పెడు బొమ్మలు తీసుకున్నారు. కాంపౌండరు ఏనుగులకి వేశాడు, అప్పారావు డోలు వాళ్ళకి తన కోటు రంగే వేశాడు. నవ్వుకుంటూ, ఒకళ్ళ మీద ఒకళ్ళు పోటీలు పడుతూ దసరా నవరాత్రులు మొదలయ్యే ముందురోజు సాయంత్రానికల్లా మొత్తం పూర్తి చేసేశారు.

మెట్ల మీద వరసగా పేర్చితే ఇల్లు వెలిగిపోయింది. ఏనుగుల మీద జరీ అంబారీలు, పులుల ఒంటిన చారలు, పైమెట్టు మీద వేలెత్తిన నరసాయమ్మ. చూస్తూ చూస్తూ ఆవిడ కళ్ళు చెమర్చాయి. అన్నదమ్ముల్ని దగ్గరికి పిలిచి తల నిమిరింది.

"ఎంత బాగా చెక్కారురా! రేపు ఊరంతా చూసి ముక్కున వేలేసుకుంటుంది. సరే, నేను అన్నాలు వడ్డిస్తాను. పెరట్లో కిరసనాయిలు ఉంది. రంగంటిన చెయ్యన్నది ఒక్కటి కూడా లేకుండా శుభ్రంగా కడిగేసి రండి."

"అలాగే అత్తా" అన్నారు ముగ్గురూ.

అత్త వడ్డించి కూర్చుంది. పప్పు చల్లారింది, పులుసు చల్లారింది. ఎంతకీ రారు. విసుక్కుంటూ కొలువు గదిలోకి వెళ్ళి చూసి, గుమ్మం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ముగ్గురూ చెమటలు కక్కుతూ కిరసనాయిలు గుడ్డలతో కూర్చున్నారు. డోలు వాళ్ళ చేతులు తెల్లగా మెరుస్తున్నాయి. భటుల చేతులు తెల్లగా మెరుస్తున్నాయి. వేలెత్తిన నరసాయమ్మ చెయ్యి కూడా తెల్లగా మెరుస్తోంది.

"అయిపోవచ్చింది అత్తా!" అన్నాడు కోటిలింగం, మొహం నిండా నవ్వుతో. "ఏనుగులకి చేతులు లేవు కదా, అందుకని తొండాలు కడిగాం. పులులకి ముందువి చేతులో కాళ్ళో తేలక..."

"తేలక?"

"ఎందుకైనా మంచిదని పులుల్ని మొత్తం ముంచేశాం!"