వకుళ నీలి పాయసం

అనగనగనగా, ఏటిగట్టున ఒక ఊళ్ళో వకుళ అని ఒక పిల్ల ఉండేదే బుజ్జమ్మా. నీలం రంగంటే దానికి ప్రాణం. గౌను నీలం, రిబ్బను నీలం, ఆఖరికి పలక మీద గీసే ఏనుగుక్కూడా నీలం సుద్దే కావాలి!

వాళ్ళమ్మ కనకవల్లి పెరట్లో సిమెంటు తొట్లు కట్టించి నాచు పెంచేది. కాలు జారే పాకుడు కాదమ్మా, తినే నాచు. స్పిరులినా అంటారు. దాన్ని వడగట్టి, ఎండబెట్టి, పొడి చేసి అమ్మేది. ముదురాకుపచ్చ పొడి!

ఒకసారి దాని పుట్టినరోజుకి కొట్లోంచి నీలం కేకు తెచ్చారు. వకుళ ఆవురావురుమని తింది. అంతే! పెదాలు బూరెల్లా ఉబ్బాయి, ఒళ్ళంతా దద్దుర్లు. డాక్టరుగారు చూసి, "కేకులో కలిపిన ఆ రంగు ఈ పిల్లకి పడదమ్మా" అన్నారు.

ఆ తర్వాత ఏ పేరంటానికెళ్ళినా, "దానికి పెట్టకండే, ఉబ్బిపోతుంది!" అని పిల్లలు నవ్వేవాళ్ళు. పాపం, వకుళ ఒట్టి చేతుల్తో ఓ మూల కూర్చునేది.

మళ్ళీ పుట్టినరోజు వచ్చింది. "అమ్మా, ఈసారి నీలంది ఏదైనా నేనూ తినాలే" అంది వకుళ నెమ్మదిగా. కనకవల్లికి గుండె చివుక్కుమంది. కానీ ఎక్కణ్ణుంచి తెస్తుంది?

అప్పుడు ఏమైందీ, మజ్జిగలో కలుపుదామని నానేసి మరిచిపోయిన నాచుపొడి గ్లాసు వకుళ కంట పడింది. పొడి అడుక్కి దిగింది. పైన తేరిన నీళ్ళు... నీలం!

"అమ్మా! పరిగెత్తుకు రా!"

పల్చటి గుడ్డలో వడకట్టారు. ఎండకి ఎత్తి పట్టుకుంటే ఆ నీలంలో ఎర్రటి మెరుపు!

"ఆకుపచ్చ చాటున ఇన్నాళ్ళూ దాక్కుందే ఇది!" అంది కనకవల్లి. "ఒట్టి రంగు కూడా కాదు, పప్పులో ఉండేలాంటి మాంసకృత్తు. ఒంటికి మంచిదే. ఈ పొడి నువ్వు రోజూ తాగుతూనే ఉన్నావు, ఎప్పుడూ దద్దుర్లు రాలేదుగా!"

ఇక చూడు హడావుడి! ముందు కుతకుత ఉడికే పాయసంలో పోశారు. నీలం కాస్తా వెలిసిపోయింది. అప్పుడు నిమ్మరసంలో కలిపారు. పాలిపోయి, విరిగిన పాలలా తరకలు కట్టింది. గ్లాసులో ఇక కాసిని నీళ్ళే మిగిలాయి. వీధిలో పిల్లల గోల వినిపిస్తోంది.

వకుళ గ్లాసు వైపే చూస్తూ, "అమ్మా, దీనికి వేడి పడదు, పులుపు పడదు. నాలాగే దీనికీ పడనివి ఉన్నాయే!" అంది.

కనకవల్లి కూతుర్ని గబుక్కున దగ్గరికి లాక్కుని ముద్దు పెట్టుకుంది. ఆ తర్వాత సగ్గుబియ్యం పాయసం కాచి, గిన్నెని చన్నీళ్ళ పళ్ళెంలో పెట్టి, ఇద్దరూ విసనకర్రతో విసిరారు, విసిరారు, విసిరారు. చల్లగా అయ్యాక నీలం పోసి కలిపితే, అబ్బ! వాన వెలిసిన ఆకాశమే గిన్నెలోకి దిగినట్టుంది!

పిల్లలొచ్చారు. "అమ్మో, వద్దే వకుళా!" అని అరిచారు. వకుళ కళ్ళు మూసుకుని చెంచాడు తింది. అందరూ దాని పెదాలే చూస్తున్నారు. కాసేపయింది. ఇంకాసేపయింది. ఉబ్బలేదు, దురద లేదు. మూతి మటుకు నీలం!

"నాకూ! నాకూ!" అని గిన్నెలు చాపారు. ఆ రోజు గరిటె వకుళ చేతిలోనే ఉంది. అందరికంటే గట్టిగా నవ్వే సుభాషిణి నీలం నాలుక చప్పరిస్తూ, "ఇంకొంచెం వెయ్యవే" అని బతిమాలింది. వకుళ గరిటె నిండా తీసి, దాని గిన్నెలో రెండుసార్లు పోసింది.

కథ పోయె కంచి దారి,
మనం పోదాం ఇంటి దారి.
పాయసం గిన్నె ఖాళీ,
మా బుజ్జమ్మకు లాలీ!