పులిని చూడని కాపలా

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో పని తక్కువ, సమావేశాలు ఎక్కువ.

అక్కడ దుప్పులు కింద మేసేవి. కొండముచ్చులు చెట్లమీద కాపలా కాసేవి. పులి కనబడితే కొండముచ్చులు కూసేవి, దుప్పులు పరుగు తీసేవి. కూలిగా దుప్పులు వాటికి ఇప్పపూలు ఏరి పెట్టేవి.

ఒకరోజు నక్క ఒక గోరింకను తెచ్చింది. అది అచ్చం కొండముచ్చులాగే కూస్తుందట. నాలుగు గింజలు వేస్తే చాలు, ఇప్పపూలన్నీ ఇక మీవేనని నక్క ఊరించింది. పదిహేను రోజులు పరీక్షించారు. కొండముచ్చులు కూసిన ప్రతిసారీ గోరింకా కూసింది. వేళ్లు లేనివాళ్లు కూడా ముక్కున వేలేసుకున్నారు.

కొండముచ్చులను మాన్పించాలా వద్దా అని అడవికి పెద్ద అయిన ఏనుగు సమావేశం పెట్టింది. చుక్కమ్మ అనే దుప్పి ఆ వారమే ఈనింది. పిల్లకు కాళ్లు ఇంకా నిలదొక్కుకోలేదు. ఆ భయంతోనే లేచి అడిగింది.

"ఏనుగు మామా, ఈ గోరింక ఎప్పుడైనా పులిని చూసిందా? కొండముచ్చుల కూత వినబడకుండా ఒక్కసారి పరీక్షించండి. అందాకా వాళ్లను పంపేయొద్దు."

నక్క నవ్వింది. "ఇలా షరతులు పెడుతూ కూర్చుంటే ఏటి అవతలి అడవి మనల్ని దాటిపోతుంది."

అవతలి అడవిని ఎవరూ చూడలేదు. అయినా అందరికీ రోషం వచ్చింది. కొండముచ్చులను ఆరోజే పంపేశారు. గోరింక కాపలాకు నియమాలు రాయడానికి ఒక సంఘం వేశారు. గోరింకల సంగతి తెలిసింది నక్కకే కదా అని దాన్నే అధ్యక్షుణ్ణి చేశారు. పులి తిని వదిలేసిందే దాని భోజనమని ఒక్కరికీ గుర్తు రాలేదు పాపం.

సంఘం మొదటిసారి కూర్చుని, గోరింకను ఉద్యోగి అనాలా, పనిముట్టు అనాలా అని వాదించుకుంది. రెండోసారీ అదే వాదన. మూడోసారి కూర్చునేలోపు పులి వచ్చింది.

గోరింక కొమ్మమీద గింజలు తింటోంది. పులి ఆ కొమ్మ కిందనుంచే నడిచింది. గోరింక కూయలేదు. కొండముచ్చులు కూస్తే విని కూయడమే అది నేర్చుకున్న విద్య. ఇప్పుడు వినడానికి కూత లేదు. చుక్కమ్మ పరుగెత్తింది. పిల్ల పరుగెత్తలేకపోయింది.

మర్నాడు నియమం వెలువడింది. ఎవరి ప్రాణానికి వారే పూచీ అని గోరింక రోజూ మూడుసార్లు చెప్పాలట. నక్క మూతి తుడుచుకుని సంతాపం కూడా చదివింది.

చుక్కమ్మ అది వినడానికి ఆగలేదు. కొండముచ్చులను వెతుక్కుంటూ ఏరు దాటింది. నక్క చెప్పింది నిజమే, అవతలి అడవి మనల్ని దాటిపోయింది. అక్కడ చెట్టుచెట్టుకూ మన కొండముచ్చులే కాపలా కాస్తున్నాయి.

నీతి: కొత్త కాపలా పెట్టుకోవడం తప్పు కాదు, దానికి నియమాలు రాసే పీట మాత్రం పులి ఎంగిలి తినేవాడికి వేయకూడదు.