చారలమ్మ వేయడం మానేసిన పిడికెడు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో జబ్బు చేయని ప్రాణి అంటూ లేదు. మన వీధిలో మాత్రం ఉందా ఏమిటి? అందుకే అక్కడ ఒక మంచి అలవాటుండేది. పెద్ద మద్దిచెట్టు మొదట్లో ఒక తొర్ర ఉంది. తొలకరి పడగానే ఇంటికో పిడికెడు మందు తెచ్చి అందులో వేయాలి. ఒకరు కరక్కాయలు, ఒకరు తేనె, ఇంకొకరు విరిగిన ఎముకని అతికించే నల్లేరు, అది కొండవతల మాత్రమే దొరుకుతుంది. ఎవరికి ఒంట్లో బాగోకపోయినా, ఆ తొర్రను కనిపెట్టుకునుండే ముళ్ళపంది అవ్వ తీసిచ్చేది. ఎవరు వేశారు, ఎవరు వాడారు అని అడిగినవాళ్ళు లేరు.

ఆ అడవిలోనే చారలమ్మ అనే ఉడుత ఉండేది. ఆమెకి ఒక్కగానొక్క కూతురు పొన్ని. పొన్ని కొమ్మ మీంచి కొమ్మకి దూకుతుంటే కోతులు కూడా నోరెళ్ళబెట్టి చూసేవి.

ఒకరోజు ఒక పునుగుపిల్లి వాళ్ళ చెట్టు కిందికి వచ్చాడు. ఒళ్ళంతా సువాసన, మాటంతా బెల్లం!

"చారలమ్మక్కా, ఏటేటా తొర్రలో మందు వేస్తున్నావు. ఈమధ్య నీకెప్పుడైనా జబ్బు చేసిందా?" అన్నాడు.

"లేదు తమ్ముడూ," అంది చారలమ్మ.

"మరి ఊళ్ళోవాళ్ళ దగ్గులకీ తుమ్ములకీ నువ్వెందుకు కష్టపడాలి? ఏడాదికి ఒక్క బుట్ట తునికిపళ్ళు నాకివ్వు. నా పంటిగాటు పెట్టిన మోదుగాకు నీకిస్తాను. నీకైనా నీ పిల్లకైనా, తలనుంచి తోకదాకా ఏం వచ్చినా సరే, ఆ ఆకు చూపిస్తే ఎలుగుబంటి వైద్యుడు మందిస్తాడు. ఖర్చు నాది!"

చారలమ్మకి ఆ మాట నచ్చింది. ఆ ఏడు తొలకరికి తొర్ర వైపు వెళ్ళలేదు. ముళ్ళపంది అవ్వ పలకరిస్తే, "మాకు ఆకుందిలే అవ్వా," అంది, కాస్త గొప్పగానే. ఆమెను చూసి కుందేలు మానేసింది. కుందేలును చూసి నెమలి మానేసింది. ఇలాంటివి ఒకరిని చూసి ఒకరికి అంటుకుంటాయి మరి.

ఏడాది తిరిగింది. ఆకు ఎండిపోయింది. పునుగుపిల్లి కొత్త ఆకుతో వచ్చాడు.

"రోజులు మారాయక్కా, ఈసారి రెండు బుట్టలు. తోక మాత్రం ఇందులోకి రాదు."

'తోకకేమవుతుందిలే,' అనుకుని చారలమ్మ ఇచ్చేసింది.

మూడో ఏడు నాలుగు బుట్టలన్నాడు. చెవుల జబ్బులూ పంటి జబ్బులూ కూడా ఆకులోంచి తీసేశానన్నాడు. ఇక వద్దని చెప్పేద్దామనుకుంది చారలమ్మ. కానీ ఇప్పుడు మానేస్తే ఇన్నాళ్ళూ ఇచ్చిందంతా ఏట్లో పోసినట్టే కదా అనుకుంది. పొన్ని తినాల్సిన పళ్ళు కూడా బుట్టలో వేసింది. అయ్యో, పిచ్చితల్లీ!

ఆ వానాకాలం కొమ్మలు పాచిపట్టి ఉన్నాయి. పొన్ని దూకింది, జారింది, కింద పడింది. వెనక కాలు విరిగింది. చారలమ్మ బిడ్డను వీపున వేసుకుని, ఆకు నోట కరుచుకుని, ఎలుగుబంటి గుహకి పరుగెత్తింది.

"ముందు పునుగుపిల్లి సరేననాలి తల్లీ," అన్నాడు ఎలుగుబంటి.

కబురు పెడితే పునుగుపిల్లి తీరిగ్గా వచ్చాడు.

"పిల్ల ఎక్కణ్ణుంచి పడింది?"

"చెట్టు మీంచి తమ్ముడూ."

"మీ ఉడుతలు చెట్లెక్కడం ఎప్పణ్ణుంచి?"

"పుట్టినప్పటినుంచీ."

"అంటే నా ఆకు తీసుకోకముందు నుంచే ఉందన్నమాట! ఇది పాత జబ్బక్కా. పాత జబ్బులకి ఆకు చెల్లదు."

"ఏడు బుట్టలిచ్చాను తమ్ముడూ!" అని ఏడ్చింది చారలమ్మ.

"ఇచ్చావు. మూడేళ్ళు ధైర్యంగా నిద్రపోయావు కదా, వాటికవి చెల్లు," అని తోకాడించుకుంటూ పోయాడు.

ఎలుగుబంటి పది బుట్టల పళ్ళడిగాడు. నడివానాకాలంలో తునికిపళ్ళెక్కడివి? చారలమ్మ మద్దిచెట్టు దగ్గరికి పరుగెత్తింది. తొర్రలో చెయ్యి పెట్టింది. సాలెగూడు తగిలింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

"అవ్వా, కాస్త నల్లేరు..."

"ఎవరూ వేయకపోతే ఎక్కడిదే అమ్మా?" అంది ముళ్ళపంది అవ్వ. తిట్టలేదు. తిట్టినా బాగుండేదని చారలమ్మకి అనిపించింది.

అవ్వ ఆ వానలోనే కొండవతలికి బయల్దేరింది. ముసలి నడక. నల్లేరు పట్టుకుని అయిదోనాటికి గానీ తిరిగి రాలేకపోయింది. ఆ మందుతో నొప్పి తగ్గింది. ప్రాణం నిలిచింది. కానీ అప్పటికే ఎముక వంకరగా అతుక్కుంది. పొన్ని మళ్ళీ కొమ్మ మీంచి కొమ్మకి దూకలేదు. మిగతా పిల్లలు పైన ఆడుకుంటుంటే కింద కూర్చుని చూసేది. ఆ చూపు చూసినప్పుడల్లా చారలమ్మ ముఖం తిప్పుకునేది.

మరుసటి ఏడు తొలకరి పడింది. చారలమ్మ కొండ దాటి వెళ్ళి, పిడికెడు నల్లేరు తెచ్చింది. పొన్ని కుంటుకుంటూ వెంట వచ్చింది.

"ఇది నా కాలికా అమ్మా?"

"నీ కాలికి ఇప్పుడిది పనిచేయదు తల్లీ," అంది చారలమ్మ కళ్ళు తుడుచుకుంటూ. "ఇంకా కింద పడని పిల్లలకి."

ఖాళీ తొర్రలో ఆ పిడికెడూ వేసింది. దూరంనుంచి చూస్తున్న కుందేలు, మెల్లగా కరక్కాయల కోసం అడవిలోకి నడిచింది.

నీతి: పదిమంది కోసం పదిమందీ వేసే పిడికెడే ఆపదలో మనకూ ఆసరా, తీపి మాటలు నమ్మి దాన్ని వదులుకుంటే, అవసరానికి చేతిలో మిగిలేది ఎండుటాకే.